రాగి తీగె – డాక్టరు రొయ్య



ముప్పయి యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఈ పుటలో ఇంతవరకు ఛందస్సును గురించో, పాత నిఘంటువులను గురించో తప్ప వేరే మాట వ్రాసి ఎరుగను. ఈసారి వ్రాయబోయేది ఉప్పునీటి అక్వేరియంలో వస్తువులను దేనితో కట్టాలి, దేనితో అతికించాలి అన్న సంగతి. "పంతులుగారికి చాదస్తం ముదిరింది" అని మీరు నవ్వుకోవచ్చు. నవ్విన తరువాత చివరిదాకా చదవమని మాత్రం మనవి. నేను చేసిన ఒక పొరపాటుకు ఒక చిన్న ప్రాణి బలియైనది. ఆ పొరపాటు మరొకరు చేయకుండా ఆపగలిగితే, ఈ టపా వ్రాసిన శ్రమ ఫలించినట్లే.

మాది కె.గంగవరం. కోటిపల్లి రేవు మా మండలంలోదే. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు మేము కోనసీమ జిల్లాలోకి వచ్చాము. వరిచేలు, కొబ్బరితోటలు, కాలువ నీరు — ఇవి మా సంపద. సముద్రమంటే మాకు పండుగలకూ పబ్బాలకూ వెళ్ళి చూసి వచ్చేదే గాని నిత్యజీవితంలోనిది కాదు. అటువంటి నాకు సముద్రజలంతో నిత్యపరిచయం మా మనుమడి వలన కలిగింది.

మా అమ్మాయి, అల్లుడు కాకినాడలో ఉంటారు. వారి యింట్లో నూరు లీటర్లు పట్టే ఉప్పునీటి తొట్టె ఒకటి ఉన్నది. అందులో రెండు క్లౌన్ చేపలు, నాలుగు నత్తలు, ఒక రొయ్య. ఆ రొయ్య మన వంటింటికి వచ్చే జాతిది కాదు. ఎఱ్ఱని వీపుమీద తెల్లని చార, పొడుగాటి తెల్లని మీసాలు. చేపలు దాని దగ్గరకు వచ్చి నిలబడితే, వాటి ఒంటిమీది పరాన్నజీవులను ఒక్కొక్కటిగా ఏరి తింటుంది. అందుకని మావాడు దానికి "డాక్టరుగారు" అని పేరు పెట్టాడు. బడినుండి రాగానే పుస్తకాల సంచి దించకుండానే తొట్టె దగ్గరకు వెళ్ళి "డాక్టరుగారూ, ఈవేళ ఎంతమంది రోగులండీ?" అని అడిగేవాడు.

రెండేళ్ళ క్రిందట అమ్మాయి, అల్లుడు ఒక పెళ్ళికని వెళ్ళి, నాలుగు రోజులు మనుమడినీ తొట్టెనూ నాకు అప్పగించారు. రెండవనాడు తొట్టెలో పేర్చిన రాళ్ళలో పైది కదిలి, అద్దం మీద ఒరిగింది. అద్దం పగులుతుందేమోనని నాకు భయం వేసింది. రాయిని యథాస్థానంలో పెట్టి, క్రిందిరాయికి కలిపి కట్టాలనుకున్నాను. ఇంట్లో దారాలున్నవి, పురికొస ఉన్నది. ఇనుప తీగె కూడ ఉన్నది గాని ఇనుము తుప్పు పడుతుందని పక్కన పెట్టాను. అంతవరకు తెలివిగానే ఆలోచించాను. చివరకు పాత కరెంటు వైరు ఒకటి దొరికితే, పైనున్న ప్లాస్టిక్ తొడుగు ఒలిచి, లోపలి రాగి తీగెలను మెలిపెట్టి, రెండు రాళ్ళకూ నాలుగు చుట్లు చుట్టి బిగించాను. "తాతయ్యా, రాగి మంచిదేనా?" అని మావాడు అడిగాడు. "రాగి పవిత్రమైనదిరా. రోజూ తెల్లవారగానే నేను త్రాగేది రాగి చెంబులో నీళ్ళే గదా!" అని గొప్పగా చెప్పాను.

కట్టు గట్టిగానే నిలిచింది. నేను కె.గంగవరం తిరిగి వచ్చేశాను. అయిదారు రోజులకు అమ్మాయి ఫోను చేసింది. నత్తలు అద్దం విడిచి అడుగున పడిపోయినవట. డాక్టరుగారు ఒక మూల ప్రక్కకు ఒరిగి కాళ్ళు కొట్టుకొని, మరునాటికి చనిపోయిందట. చేపలు మాత్రం మామూలుగానే తిరుగుతున్నవట. అల్లుడు తొట్టె అంతా వెదకి, రాయి వెనుక నా కట్టు చూశాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మామయ్యగారూ, మీకు తెలియక చేశారు, ఫరవాలేదు" అన్నాడు. మావాడు ఫోను తీసుకొని, "రాగి మంచిదన్నావుగా తాతయ్యా!" అన్నాడు. అంతే. ముప్పయి యేళ్ళ ఉద్యోగంలో ఎందరో పిల్లలు ఎన్నో ప్రశ్నలు అడిగారు. జవాబు చెప్పలేక ఫోను పెట్టేసిన ప్రశ్న మాత్రం అదొక్కటే.

అప్పటినుండి ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. తెలిసినవారిని అడిగాను. తెలుసుకున్న కొద్దీ నా అజ్ఞానం కంటె, నాకు తెలిసి కూడ గుర్తుకు రాని సంగతులు నన్ను ఎక్కువ బాధించినవి. రాగి ప్రాణాంతకమని కోనసీమవాడికి తెలియదా? కొబ్బరిచెట్టుకు మొవ్వుకుళ్ళు వస్తే వేసేది బోర్డో మిశ్రమం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, నూరు లీటర్ల నీరు. చిన్నప్పటినుండి చూస్తున్నదే. ఆ మైలుతుత్తమే కాపర్ సల్ఫేటు, అనగా రాగి లవణం. శిలీంధ్రాన్ని చంపేది అందులోని రాగియే. తోటలో విషమని చేతులు కడుక్కొనే వస్తువును, అక్వేరియంలో పవిత్రమని కట్టి వచ్చాను.

ఇందులో ఒక చిత్రమున్నది. రొయ్య రక్తంలో రాగి ఉంటుంది. మన రక్తంలో ఇనుముతో కూడిన హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసినట్లే, రొయ్యలకూ పీతలకూ రాగితో కూడిన హిమోసయనిన్ ఆ పని చేస్తుంది. అందుకే వాటి రక్తం ప్రాణవాయువు తగిలితే నీలివర్ణం పొందుతుంది. "ఐతే రాగి వాటికి మంచిదే గదా!" అనిపిస్తుంది. మన రక్తంలో ఇనుమున్నదని మనం మేకులు మింగము గదా! శరీరం తనకు కావలసినంత తీసుకొని, కట్టుదిట్టంగా దాచుకొనే రాగి వేరు, నీటిలో కరిగి మొప్పలకు తగిలే రాగి వేరు.

ఎంత రాగి కరిగితే ప్రమాదమో కూడ తెలుసుకోవాలి. త్రాగేనీటిలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. సముద్రపు చేపలకు ఒంటిమీద తెల్లచుక్కల జబ్బు వస్తే, వేరే తొట్టెలో పెట్టి రాగి మందుతోనే వైద్యం చేస్తారు. ఆ మందు మోతాదు లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాములు. చేప ఆ మోతాదును తట్టుకుంటుంది, దాని మీది పరాన్నజీవి చస్తుంది. ఆ తొట్టెలోనే రొయ్య, నత్త, పగడపు జీవి ఉంటే అవీ చస్తాయి. అనగా మనం నిశ్చింతగా త్రాగగల పరిమితిలో పదవ వంతు చాలు, వెన్నెముక లేని ఈ ప్రాణులను చంపడానికి. నూరు లీటర్ల నీటిలో పదిహేను, ఇరవై మిల్లీగ్రాముల రాగి కరిగితే ఆ మోతాదుకు చేరినట్లే. ఒక బియ్యపుగింజ ఎత్తు! కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఇంకొక చిక్కు. కరిగిన రాగి నీటితో పాటు పూర్తిగా పోదు. సున్నపు రాళ్ళకూ ఇసుకకూ అంటుకొని ఉండి, కొంతకాలం మెల్లగా మళ్ళీ నీటిలోకి వస్తుంది. మా అల్లుడు నీరు పలుమార్లు మార్చి, బొగ్గు వడపోత పెట్టి, చివరకు ఆ రాళ్ళనూ ఇసుకనూ పారవేసి, క్రొత్తవి వేశాడు. నా నాలుగు చుట్ల తీగె ఖరీదు అంత!

ఇక నా అభిప్రాయం చెబుతాను. మనవారు ఏ వస్తువునైనా కట్టేటప్పుడు వేసుకొనే ప్రశ్న "గట్టిగా ఉంటుందా?" అన్నది ఒక్కటే. ఉప్పునీటిలో ఆ ప్రశ్న చాలదు. "ఇది నీటికి ఏమి ఇస్తుంది?" అన్నది మొదటి ప్రశ్న కావాలి. గట్టిదనం రెండవది. ఈ వరుస తలక్రిందులు కావడమే అన్ని అనర్థాలకూ మూలం.

ఈ మాట క్రొత్తదేమీ కాదు. భోజరాజు పేర వెలసిన 'యుక్తికల్పతరువు' అను సంస్కృత గ్రంథంలో, సముద్రయానం చేసే ఓడల పలకలను ఇనుముతో బిగించరాదని నిషేధమున్నది. సముద్రంలోని అయస్కాంత శిలలు ఇనుమును లాగి ఓడను ముంచుతాయని అక్కడ చెప్పిన కారణం. కారణం తప్పు. నిషేధం మాత్రం ఊరకే పుట్టినది కాదు. ఉప్పునీటిలో ఇనుప మేకు ఏ గతి పడుతుందో ఆనాటి ఓడ పనివారికి అనుభవంలో తెలిసే ఉంటుంది. ఆ అనుభవానికి పండితులు తమకు తోచిన కారణం జోడించారని నా ఊహ. మన తూర్పుతీరంలో మసూలా పడవలని ఉండేవి. పలకలకు అంచుల వెంట బెజ్జాలు వేసి, కొబ్బరిపీచు త్రాటితో కుట్టేవారు. ఒక్క ఇనుప మేకు ఉండేది కాదు. కెరటం కొట్టినప్పుడు మేకు కొట్టిన పడవ పగిలితే, కుట్టిన పడవ వంగి లేచేది. కృత్రిమ నౌకాశ్రయం కట్టేవరకు చెన్నపట్టణంలో ఓడ దిగినవారంతా ఆ పడవలమీదనే ఒడ్డుకు చేరారు. మార్కోపోలో కూడ హార్ముజ్ రేవులో కొబ్బరిపీచు త్రాటితో కుట్టిన ఓడలను చూసి వ్రాశాడు, అవి ఆయనకు నచ్చకపోయినా. మన జాలరులు దుంగలు త్రాళ్ళతో కట్టి వేసుకొనే తెప్ప కూడ ఈ వంశంలోదే. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగలను ఆరబెట్టుకొనేవారు. కట్టడం తెలిసినవాడికి విప్పడం కూడ తెలుసు.

తెలుగు పంతులును గనుక నాకు అన్నిటా వ్యాకరణమే కనిపిస్తుంది. రెండు అక్షరాలు కలిసినప్పుడు సంధి జరుగుతుంది. సంధిలో తరచు ఒకటి లోపిస్తుంది, మరొకటి నిలుస్తుంది. ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు తాకినప్పుడు జరిగేది కూడ అటువంటి సంధియే. ఆ రెండింటిలో బలహీనమైన లోహం కరిగిపోతుంది, రెండవది నిలుస్తుంది. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తుంది గనుక ఆ జంట ఒక చిన్న బ్యాటరీ వలె పనిచేస్తుంది. దీనికి చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. 1761లో బ్రిటిషు నౌకాదళం 'అలార్మ్' అను ఓడ అడుగుకు రాగి రేకులు తొడిగింది. కొయ్యను తొలిచే పురుగునుండి, అంటుకొనే నాచునుండి రక్షణకై చేసిన ఏర్పాటు అది. రేకులను బిగించినవి ఇనుప మేకులు. 1763లో పరీక్షించి చూస్తే, రాగి తాకినచోట మేకులు తినివేయబడి ఉన్నవి. రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం పొరపాటున మధ్యలో మిగిలిపోయినచోట మాత్రం మేకులు చెక్కుచెదరలేదు. రెండు లోహాల మధ్య ఒక్క కాగితం పొర! సంధి జరుగకుండా విసంధిగా నిలిపినది ఆ కాగితమే.

కథ అక్కడితో ముగియలేదు. 1824లో హంఫ్రీ డేవీ అను శాస్త్రవేత్త ఓడల రాగి రేకులు కరిగిపోకుండా జింకు, ఇనుము ముక్కలు జోడించే ఉపాయం చెప్పాడు. రాగి కరగడం నిజంగానే ఆగింది. కాని వెంటనే ఓడల అడుగున నత్తగుల్లలూ నాచూ దట్టంగా పట్టి, ఓడల వేగం తగ్గింది. ఎందువలన? అంతవరకు వాటిని దరిచేరనీయక చంపుతున్నది ఆ కరిగే రాగియే గనుక. నా మనుమడి తొట్టెలో జరిగినది అదే. ఓడ యజమానికి వరమైన గుణం రొయ్య పాలిట మృత్యువైనది. రాగి తన స్వభావం మార్చుకోలేదు. మారినది దానితో మనకున్న పని.

ఇక ఏది వాడాలి, ఏది వాడరాదు అన్నది నేను తెలుసుకున్నంత వరకు చెబుతాను.

రాగి, ఇత్తడి, కంచు నీటిలోకి పోనే కూడదు. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమమే గదా! కుళాయి పనివారు వాడే ఇత్తడి కలుపుళ్ళు, గొట్టాల క్లిప్పులు కూడ ఇందులోకే వస్తాయి. జి.ఐ. తీగె పైన ఉండేది జింకు పూత. ఉప్పునీటిలో ముందు పూత కరుగుతుంది, తరువాత ఇనుము తుప్పు పడుతుంది. అల్యూమినియం, సీసం కూడ పనికిరావు.

స్టీలు విషయంలో చాలామంది మోసపోతారు. "స్టెయిన్‌లెస్" అన్న పేరే ఒక వాగ్దానం వలె వినిపిస్తుంది. ఆ లోహాన్ని కాపాడేది దాని మీద ఉండే అతి పలుచని క్రోమియం ఆక్సైడు పొర. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ చిల్లులు పొడుస్తుంది. ప్రాణవాయువు చాలినంత అందితే పొర మళ్ళీ ఏర్పడుతుంది. మరలు బిగించినచోట, కట్టు క్రింద, రాయికీ తీగెకూ మధ్య ఇరుకులో నీరు కదలదు, ప్రాణవాయువు అందదు. సరిగా బిగింపు ఉన్నచోటనే అది కుళ్ళుతుందన్నమాట. మన వంటింటి గిన్నెలకు వాడే 304 రకం కంటె, రెండు మూడు శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం మేలైనది. ఐనా దానిని కూడ నీటికి పైన, దీపాలు వ్రేలాడదీయడానికి వాడుకోవాలి గాని నీటిలో ముంచి మరచిపోరాదు. నీటిలో నమ్మదగిన లోహం టైటేనియం. అది ఖరీదైనది. సముద్రపు నీటికి వాడే శీతలయంత్రాలలో గొట్టాలు దానితో చేసేది అందుకే.

అయస్కాంతపు బిళ్ళలను గురించి ఒక మాట. అద్దానికి లోపల ఒకటి, వెలుపల ఒకటి పెట్టి వస్తువులను నిలుపుతారు. నియోడిమియం బిళ్ళ మీద మెరిసే పూత నికెల్, దాని క్రింద సాధారణంగా రాగి పొర, మళ్ళీ నికెల్. ప్లాస్టిక్‌లోనో ఎపాక్సీలోనో పూర్తిగా పొదిగి ఉన్నంతకాలం భయం లేదు. ఆ తొడుగు పగిలి, తుప్పు చార కనబడితే ఆ క్షణమే తీసివేయాలి.

ఇక మంచివి. మొదటిది నైలాన్ కేబుల్ టై. కరెంటు పనివారి దగ్గర రూపాయికో రెండింటికో దొరికేది. నీటికి ఏమీ ఇవ్వదు. కొన్నింటిలో పట్టు కోసం చిన్న స్టీలు నాలుక పెడతారు, అటువంటివి కాకుండా మొత్తం నైలాన్‌తో చేసినవి చూసుకోవాలి. గాలపు నైలాన్ దారం కూడ మంచిదే. పి.వి.సి. గొట్టం ముక్కలు, యాక్రిలిక్ కడ్డీలు చక్కగా పనికివస్తాయి. రెండు రాళ్ళకూ బెజ్జం వేసి, మధ్యలో యాక్రిలిక్ కడ్డీ దూర్చి నిలపడం అన్నిటికంటె శ్రేష్ఠం. అది కట్టు కూడ కాదు, వెన్నెముక. మెత్తగా వంగే పి.వి.సి. గొట్టాలలో మెత్తదనానికై కలిపే పదార్థాలు నీటిలోకి ఊరగలవు గనుక, ఆహారపదార్థాలకు తగినదని వ్రాసినవే కొనాలి.

అతికించడానికి సిలికోన్ ఉన్నది. అక్వేరియం గాజు పలకలను కలిపేది అదే. ట్యూబులో శుద్ధ సిలికోన్ తప్ప మరేదీ ఉండరాదు. స్నానాలగదికి వాడే కొన్ని రకాలలో బూజు పట్టకుండా మందు కలుపుతారు. బూజును చంపేది తొట్టెలోని ప్రాణులను మాత్రం వదులుతుందా? ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది ఎసిటిక్ ఆమ్లం. వాసన పూర్తిగా పోయేవరకు ఆగాలి. పలుచని పూతకు ఒకటి రెండు రోజులు, మందపాటి దానికి వారం. తడి రాయికి సిలికోన్ అంటదు. తడిలో పనిచేసేది సయనోయాక్రిలేట్ జిగురు, మనమందరం విరిగిన బొమ్మలకు వాడే తక్షణ జిగురు. అందులో ముద్దగా ఉండే జెల్ రకం నీటిలోనే గట్టిపడుతుంది. కాని అది పెళుసు, బరువు మోయలేదు. బరువైన రాళ్ళకు రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ మేలు. అది కూడ అక్వేరియంకో, త్రాగేనీటి తొట్టెలకో తగినదని స్పష్టంగా వ్రాసి ఉన్నదే కావాలి.

మరి మన కొబ్బరిపీచు త్రాడో? కోనసీమవాడిగా నేను దానికి ఓటు వేయాలి. వేయలేను. పీచునుండి ఊరే కసరు నీటిని ఎఱ్ఱగా చేస్తుంది. మెల్లగా కుళ్ళుతూ నీటిని చెడగొడుతుంది. సముద్రంలో శతాబ్దాల తరబడి పడవలను మోసిన త్రాడు, నూరు లీటర్ల తొట్టెలో పనికిరాకుండా పోయింది. త్రాడులో దోషం లేదు. సముద్రం అనంతం, తొట్టె పరిమితం. సముద్రం క్షమించినది తొట్టె క్షమించదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే తక్కినవన్నీ మరచినా ఫరవాలేదు.

దీనికి ఎదురుగా వినవచ్చే మాటలు రెండు. "మా యింట్లో మూడేళ్ళుగా స్టీలు క్లిప్పు నీటిలోనే ఉన్నది, ఏమీ కాలేదు" అన్నది మొదటిది. ఏమీ కాలేదని ఎవరు చెప్పారు? చేపలు. మా యింట్లోనూ చేపలు అదే సాక్ష్యం చెప్పినవి. రొయ్యనూ నత్తనూ పిలిచి అడగాలి. న్యాయస్థానంలో నష్టపోని వాడి సాక్ష్యంతో తీర్పు చెప్పరు గదా!

రెండవది, "ఇదంతా డబ్బున్నవారి వేడుక, దీనికింత రాద్ధాంతం ఎందుకు?" అన్నది. వేడుకే, కాదనను. కాని ఒక ప్రాణిని సముద్రంనుండి తెచ్చి, గాజు గోడల మధ్య పెట్టిన క్షణంనుండి దాని ఆకాశం, భూమి, గాలి మనమే. అది పారిపోలేదు. సముద్రంలో నీరు చేదైతే ప్రక్కకు ఈదిపోతుంది, తొట్టెలో ఆ దారి లేదు. మన దేశంలో పగడపు జాతులను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి, వాటిని సేకరించడం, అమ్మడం నిషేధించారు. సంతోషమే. చట్టం పట్టించుకోని రొయ్యకు మాత్రం మన మనస్సాక్షియే చట్టం. పైగా ఇది వేడుక మాత్రమే కాదు. మన తీరమంతటా రొయ్యల హేచరీలున్నవి, చెరువులున్నవి. ఉప్పునీటిలో ఏ లోహం ఎవరి ప్రాణం తీస్తుందన్నది మన జిల్లాలో ఎందరికో అన్నం పెట్టే విషయం.

అందుచేత నా కోరికలు మూడు. ఒకటి, సిలికోన్, ఎపాక్సీ, జిగురు ట్యూబుల మీద అందులో ఏమి కలిపారో, నీటిప్రాణులకు తగినదో కాదో తెలుగులో వ్రాయాలి. ఎఱువుల బస్తా మీద తెలుగు ఉండగా, జిగురు ట్యూబు మీద ఎందుకు ఉండరాదు? నేను జిగురు కొనడానికి వెళ్ళిన కొట్టులో ట్యూబు మీది అక్షరాలు చీమకాళ్ళంత ఉన్నవి, అదీ ఆంగ్లంలో. కొట్టువాడిని అడిగితే "అన్నీ ఒకటే మాష్టారూ" అన్నాడు. అన్నీ ఒకటి కాదని ఒక రొయ్య ప్రాణం ఇచ్చి నిరూపించింది. రెండు, బడిలో తుప్పును గురించి చెప్పే పాఠంలో ఇనుప మేకుతోనే ఆగిపోక, ఒక గాజుసీసాలో ఉప్పునీరు పోసి, ఇనుము, రాగి, జి.ఐ. తీగె, స్టీలు, నైలాన్ వేసి నెల రోజులు పిల్లలచేత చూపించాలి. ఖర్చు పది రూపాయలు కాదు. మూడు, క్రొత్త వస్తువు దేనినైనా తొట్టెలో వేసేముందు ఇంట్లో కూడ ఇదే పరీక్ష చేయాలి. వేరే బకెట్టులో ఉప్పునీటిలో నెల రోజులు నానబెట్టి, రంగు, వాసన, తుప్పు, మెత్తబడడం చూడాలి. కంటికి కనబడనివి ఉంటాయి గనుక ఇది సంపూర్ణమైన పరీక్ష కాదు, కాని నా వంటివాడి తొందరకు అడ్డుకట్ట వేస్తుంది. నెల ఆగగలిగినవాడు నాలుగు మాటలు అడిగి తెలుసుకోగలడు కూడ.

చివరిగా ఇంకొక మాట. పవిత్రమైనదీ, సురక్షితమైనదీ ఒకటి కావు. మనకు మేలు చేసినది అందరికీ మేలు చేస్తుందన్న భ్రమ, నా వయసువారిలో మరీ ఎక్కువ. రాగి చెంబును గురించి నేను మనుమడికి చెప్పినది అబద్ధం కాదు. ప్రశ్న వేరొకరి ప్రాణానికి సంబంధించినదైనప్పుడు, నా చెంబు సంగతి జవాబుగా చెప్పడమే తప్పు. పిల్లవాడు అడిగినది సరియైన ప్రశ్న. "నాకు తెలియదురా, నాన్న రాగానే అడుగుదాం" అన్న జవాబు నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలకు బదులు నాలుగు చుట్లు చుట్టాను.

పోయిన సంక్రాంతికి కాకినాడ వెళ్ళాను. తొట్టెలో రాళ్ళు యాక్రిలిక్ కడ్డీల మీద నిలబడి ఉన్నవి. క్రొత్త రొయ్య వచ్చి అప్పటికి ఏడాది. దానికి మావాడు పేరు పెట్టలేదు. ఎందుకురా అంటే, "పేరు పెడితే తరువాత బాధ తాతయ్యా" అన్నాడు. ఒక నల్లని కేబుల్ టై నా చేతికిచ్చి, నీటి గొట్టం జారుతున్నదని, కట్టమన్నాడు. కట్టేముందు ఆ టైను దీపం దగ్గర పెట్టి, నాలుకలో స్టీలు ఉన్నదేమో చూశాను. నేను చూసిన తరువాత వాడు కూడ తీసుకొని చూశాడు.

ఇద్దరమూ చూసిన తరువాతనే కట్టాము.